ఆ దినం ఏం తిన్నవ్?

పోయిన శుక్రవారం నాంపల్లి స్టేషను ఎదుటి ఇరానీ హోటల్లో కూర్చుని ఉన్నాను. పక్క బల్ల దగ్గర, లడాయి నుంచి కొత్తగా తిరిగొచ్చిన యువకుడొకడు నలుగురిని చుట్టూ పోగేసుకుని, బర్మా అడవుల్లో శత్రువుల మరతుపాకిని తానొక్కడే ఎలా లాక్కొచ్చాడో చెబుతున్నాడు. వినేవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టి వింటున్నారు. నేను నా చాయ్ నేను తాగి లేచి రావచ్చు కదా! ముక్కూ మొహం తెలియని మనిషి మాటకు అడ్డం పడి, "బాబూ, ఆ దినం ఏం తిన్నవ్?" అన్నాను.

అతను నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. తర్వాత చేతిలోని బన్ను ప్లేటులో పెట్టేశాడు. "ఏం తినలే సార్. బిస్కట్లు వానకు తడిసి పిండైనయ్. గవే నాకినం" అన్నాడు. అక్కణ్ణుంచి అరగంట చెప్పాడు. అందులోకి మరతుపాకి మళ్ళీ రాలేదు. బురదలో కూరుకుపోయిన ఒక కంచరగాడిద, దాన్ని వదలలేక ఏడ్చిన జతగాడు ఒకడు వచ్చారు.

ఆ ప్రశ్న నాది కాదు. దాన్ని నా నోటికి అంటగట్టిన మనిషి కాలం చేసి మూడు నెలలైంది. ఆయన మాట నా నోట్లోంచి ఊడిపడేసరికి నేనే ఉలిక్కిపడ్డాను. ఇంటికొచ్చి కాగితాలు ముందేసుకున్నాను.

పేరు రాయను. "పేరు రాస్తివంటె గది అర్జీ అయితది" అని ఆయనే అనేవాడు. అబిడ్స్‌లో అందరికీ ఆయన మున్షీ సాబ్. మా పోస్టాఫీసుకు ఎదురుగా, ఎప్పుడో మూతబడ్డ బట్టల దుకాణం మెట్ల మీద, ఒళ్ళో ఏటవాలు బల్ల పెట్టుకుని కూర్చునేవాడు. చదువు రానివాళ్ళకు సర్కారు అర్జీలు రాసిపెట్టడం ఆయన వృత్తి. నేను లోపల స్టాంపులు అమ్మే గుమాస్తాను. నా కిటికీలోంచి చూస్తే మొట్టమొదట ఆయన నల్లటోపీ కనిపించేది, ఆ తర్వాతే ఊరు.

అర్జీ రాసేటప్పుడు ఆ టోపీ నెత్తిమీద ఉండాల్సిందే. "హుజూరుకు రాస్తున్న. బోడినెత్తితోని ఎట్ల రాస్త?" అనేవాడు. ఏ పాత సిపాయో వచ్చి మెట్ల మీద కూలబడి మొదటి లడాయి సంగతి ఎత్తాడంటే మాత్రం టోపీ తీసి మోకాలి మీద బోర్లించేవాడు. అప్పుడిక పాళీ తుడవడానికి గుడ్డ వెతుక్కునే ఓపిక ఉండేది కాదు. జుట్టుకే తుడిచేవాడు. అందుకని ఆయన తల సగం నెరిసి, సగం నీలంగా ఉండేది. "మీకు వయసు పైబడిందో సిరా పైబడిందో తెలియడం లేదండీ" అని నేను ఏడిపిస్తే, "రెండూ కడిగితె పోయేటియి గావు" అనేవాడు.

ఈ టోపీ తీయడం ఆయనకు మొదట్నుంచీ ఉన్న అలవాటు కాదు. దాని వెనక ఒక తప్పు ఉంది. ఆ తప్పు చెప్పకపోతే ఆయన్ని చెప్పినట్టే కాదు.

మొదటి లడాయి అయిపోయి మనవాళ్ళు సముద్రాలు దాటి తిరిగొచ్చిన రోజుల్లో ఆయన పడుచు మున్షీ. ఎడారుల్లో గుర్రాల వెంట తిరిగొచ్చిన సాయీసులు, వంటవాళ్ళు, సిపాయిలు ఏదైనా కొలువు ఇప్పించమని అర్జీలు పెట్టుకునేవారు. గుర్రాలకు గడ్డి వేశానని రాస్తే ఏ హుజూరు కరుగుతాడు? అందుకని ఆయన ఒక కథ అల్లాడు. తూటాలు వానలా కురుస్తున్నాయి. గుర్రం కూలింది. గాయపడ్డ రిసాల్దారును, అంటే ఆ గుర్రపు దళం పెద్దను, అర్జీదారు కుడి భుజాన వేసుకుని మైళ్ళకు మైళ్ళు ఇసుకలో మోశాడు. "నా చెమట, ఆయన నెత్తురు కలిసి ఒకే ధారగా కారినవి" అన్నది అందులో చివరి వాక్యం. ఆ అర్జీకి కొలువు వచ్చింది. ఇంకేం, మిగతావాళ్ళు వరస కట్టారు. రిసాల్దారు ఒకరి అర్జీలో కెప్టెనయ్యాడు, ఇంకొకరి అర్జీలో జెండా అయ్యాడు. చెమటా నెత్తురూ మాత్రం మారలేదు. అలా పందొమ్మిది మందికి రాశాడు. "వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నరు. నేను ఒక్కటే ఆడి పందొమ్మిది మందికి కొలువులు పెట్టించిన" అని నా దగ్గర గొప్పలు కూడా పోయేవాడు.

ఆ గొప్పలు ఒక శుక్రవారంతో ఆగిపోయాయి. పన్నెండేళ్ళ కిందటి మాట. సెలవు కదా అని ఇద్దరం ఎల్లయ్య జట్కాలో అబిడ్స్ నుంచి నాంపల్లికి వచ్చాం. ఆ పందొమ్మిది మందిలో మొదటివాడు ఈ ఎల్లయ్యే. అర్జీతో వచ్చిన కొలువు కొన్నేళ్ళు చేసి, మానేసి జట్కా పెట్టుకున్నాడు. మనిషి మంచివాడే గాని, అతని బండి ఎక్కితే రైలు అందడం కష్టమని పేరు. దారిలో నీళ్ళతొట్టి కనబడితే చాలు, దిగి గుర్రానికి తాపాల్సిందే. లోపల కూర్చున్నవాళ్ళు ఎంత మొత్తుకున్నా వినడు. ఆ రోజూ ముందు గుర్రం తాగింది. తర్వాత మేం ముగ్గురం ఇదే ఇరానీ హోటల్లోకి వెళ్ళాం.

అక్కడ తోటి జట్కావాళ్ళెవరో, "ఎల్లయ్యా, నీ లడాయి ముచ్చట జర చెప్పరాదే" అన్నారు. ఎల్లయ్య గొంతు సవరించుకున్నాడు. తూటాల వాన కురిసింది, గుర్రం కూలింది, రిసాల్దారు భుజమెక్కాడు. మున్షీగారు ముసిముసిగా నవ్వుతూ వింటున్నాడు. చివరికి ఎల్లయ్య, "నా చెమట, ఆయన నెత్తురు కలిసి ఒకటే ధార గట్టినయ్" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళు నిజమైనవి. మున్షీగారి నవ్వు ఆగిపోయింది.

"ఎల్లయ్యా, ఏ భుజం మీద మోస్తివి?" అని అడిగాడు.

"కుడి భుజం సాబ్. చలికాలమొస్తె ఇప్పటికీ గుంజుతది."

మున్షీగారు టోపీ తీసేశాడు. "అది నేను రాసిన ముచ్చట గద ఎల్లయ్యా. నువ్వు గుర్రాలు కాసేటోనివి. అర్జీ కోసమని నేనే అల్లితి గద."

ఎల్లయ్య లేచి నిలబడ్డాడు. "మీరు రాసిన్రు. సర్కారు మొహరు పడ్డది. మొహరు పడ్డ కాయితం అబద్ధమెట్లయితది మున్షీ సాబ్? నలుగుట్ల నన్ను జూటాగాన్ని చేస్తరా?" అని, చాయ్ అక్కడే వదిలేసి బయటికి వెళ్ళిపోయాడు.

సర్దిచెబుదామని నేను వెనకాలే పరుగెత్తాను. ఎల్లయ్య హోటలు ముందే ఉన్న తన జట్కా ఎక్కి, నాకు జవాబివ్వకుండా కూర్చున్నాడు. నేను తిరిగి లోపలికి వచ్చేసరికి మున్షీగారు కొయ్యబారిపోయి ఉన్నాడు. చాయ్ ముట్టలేదు. ముందున్న కప్పు చల్లారి మీగడ కట్టింది.

"కుడి భుజమని ఎందుకు రాసిన్నో తెలుసునా?" అన్నాడు. "చదువనీకె సొంపుగ ఉంటదని. గంతే. వానికి గిప్పుడు గుంజుతున్నది."

మర్నాడు పొద్దున్నే నా కిటికీ దగ్గరికి వచ్చాడు. చంకలో ఖాళీ నోటుబుక్కులు ఉన్నాయి. "పందొమ్మిది మందిని దొరకబడ్త. ఒక్కొక్కని అసలు ముచ్చట రాస్త. నువ్వు సాక్షివి" అన్నాడు. గతజల సేతుబంధనం ఎందుకండీ అన్నాను. "జలం యాడ పోయింది? వాళ్ళింక బతికే ఉన్నరు. రేపు వాళ్ళ మనుమలు చదువుకొని, మా తాత లడాయిల ఏం జేసిండని కాయితాలు తీస్తె, పందొమ్మిది మంది తాతలు ఒక్క రిసాల్దారునే మోసినట్టుంటది. పాపం, ఎంత బరువున్నడో ఏమో!" అన్నాడు. నేను నవ్వాను గాని ఆయన నవ్వలేదు.

అది మొదలు నా శుక్రవారాలు నావి కాకుండా పోయాయి. ఒకవారం చాదర్‌ఘాట్, ఒకవారం హిమాయత్‌నగర్. ఎండా వానా లేదు. అర్జీలు ఉర్దూలో రాసేవాడు గాని ఈ నోటుబుక్కులు తెలుగులో, చెప్పినవాడి మాట చెప్పినట్టే రాశాడు. "ఉర్దూల రాస్తె నా కలం దానంతటదే సలాం కొడ్తది" అనేవాడు. కూర్చోగానే ఆయన ప్రశ్న ఒక్కటే. ఏం చేశావని అడిగేవాడు కాదు. "చేసింది చెప్పుమంటె మనిషి కోతలు కోస్తడు. తిన్నది చెప్పుమంటె కొయ్యడు. ఎందుకు కోస్తడు, ఏం లాభం?" అనేవాడు. నిజంగానే తిండి దగ్గర మొదలుపెడితే మనుషులు మెల్లగా అసలు చోటికి వచ్చేవారు.

హిమాయత్‌నగర్‌లో ఒక బంగళా చౌకీదారు ఉండేవాడు. అతని అర్జీలో మున్షీగారు జెండా మోయించాడు. మేం వెళ్ళి అడిగితే ఆ ముసలాయన సిగ్గుపడుతూ, "తిన్నదేది సార్, కడుపుల నిలిస్తె గద. ఆ నీళ్ళు పడక, లడాయి అయినన్ని దినాలు చెంబు పట్టుకొనే ఉన్న" అన్నాడు. బయటికి వచ్చాక మున్షీగారు రోడ్డు మీదే పొట్ట పట్టుకుని నవ్వాడు. "నేను జెండా పట్టిచ్చిన. వాడు పట్టింది చెంబు" అని మళ్ళీ మళ్ళీ అనుకున్నాడు. ఇంకో నాలుగడుగులు వేశాక మాత్రం, "గట్లనే ఆ డేరాల ఎంతమంది సచ్చిపోయిన్రో చెప్పిండు, విన్నవా?" అన్నాడు. విన్నాను. చెంబు పట్టుకున్నవాళ్ళలో సగం మంది తిరిగి రాలేదు. ఏ అర్జీలోనూ ఆ మాట లేదు.

ఆయన దగ్గర ఇంకో నియమం ఉండేది. రాసిందంతా చెప్పినవాడికి చదివి వినిపించాలి. విన్నవాడు ఒక్క తప్పైనా పట్టాలి. అన్నిటికీ "ఔ, ఔ" అన్నాడంటే ఆ కాగితం పర్రున చించేసేవాడు. "తప్పు పట్టలేదంటె విననన్న వినలే, నేను చెప్పిందన్న ఒప్పుకున్నడు" అనేవాడు. తప్పు దిద్దాక చెప్పినవాడి వేలిముద్ర, కింద ఇద్దరు సాక్షులు. ఒకరు ఆయన, ఒకరు నేను. నా సంతకం నా జీతం చిట్టా మీద కన్నా ఆ నోటుబుక్కుల్లోనే ఎక్కువసార్లు పడి ఉంటుంది.

పదిహేను మందివి రాశాం. ముగ్గురు అప్పటికే పోయారు. వాళ్ళ పేజీల్లో "దొరకలే. నేను ఆలస్యం జేసిన" అని రాసి, కింద తన వేలిముద్ర తానే వేశాడు. ఇక మిగిలింది ఎల్లయ్య.

ఎల్లయ్య కొరకరాని కొయ్య. ప్రతి శుక్రవారం మా తిరుగుడు నాంపల్లి జట్కా అడ్డా దగ్గరే ముగిసేది. మమ్మల్ని చూడగానే, "కిరాయి ఉన్నది సాబ్" అని బండి తోలేవాడు. మున్షీగారు వెనక నుంచి ఎక్కి కూర్చునేవాడు. నాంపల్లి నుంచి అబిడ్స్, అబిడ్స్ నుంచి నాంపల్లి. ఇద్దరూ ఉలుకూ పలుకూ లేకుండా తిరిగేవారు. ఏళ్ళు గడిచాయి. ఒకసారి నాకు విసుగొచ్చి, "ఆ కథ పట్టుకునే అతను పదిమందిలో తలెత్తుకు తిరుగుతున్నాడు. వదిలెయ్యరాదా?" అన్నాను.

"అది వాని కథ గాదు, నా కథ. నా అంగీ వానికి తొడిగిన. లోపల వాని ఒంటికి ఏమైందో నాకు తెల్వదు, వాడు ఎవ్వలకు చెప్పలే. గట్లనే పోతె ఎట్ల?" అన్నాడు. ఆయన మొండితనం మీద నాకు కోపమూ వచ్చింది, ముచ్చటా వేసింది.

ఇంతలో రెండో లడాయి వచ్చిపడింది. ఒక పొద్దున ఎల్లయ్య కొడుకు నర్సింగ్ మున్షీగారి మెట్ల దగ్గరికి వచ్చాడు. ఇరవై ఏళ్ళ పిల్లవాడు. సంతకం చెయ్యడం, నాలుగు ముక్కలు రాయడం వచ్చు. ఫౌజులో చేరే కాగితం నింపిపెట్టమన్నాడు. "మా నాయిన తూటాలల్ల రిసాల్దారును మోసిండు. నేను ఎవ్వల్నన్న మోయకుంటనా?" అన్నాడు. అది నేను నా కిటికీలోంచి చూశాను. మున్షీగారి కలం గాలిలో ఆగిపోయింది. ఆ కాగితం ఆయన నింపలేదు. కుర్రవాడు వేరే మున్షీ చేత నింపించుకుని వెళ్ళిపోయాడు.

"నా అబద్ధం చదువుకొని పోరడు సావనీకె పోతున్నడు" అన్నాడు ఆ రోజు నాతో.

నర్సింగ్ రైలెక్కే రోజు మధ్యాహ్నం మేం స్టేషనుకు వెళ్ళాం. తల్లి జొన్నరొట్టెలు మూట కట్టి ఇచ్చి, ఏడుపు ఆపుకోలేక దూరంగా వెళ్ళి నిలబడింది. ఎల్లయ్య కొడుకు పక్కన ఛాతీ విరుచుకుని నిలుచున్నాడు. మున్షీగారు తిన్నగా వెళ్ళి, టోపీ తీసి, కొడుకు చేతిలోని రొట్టెల మూట వైపు చూపించాడు.

"ఎల్లయ్యా, పోరనికి తిండి కట్టిచ్చిన్రు. మంచిగైంది. రిసాల్దారు పడ్డడంటివి గద, ఆ దినం నువ్వేం తిన్నవ్?"

ఎల్లయ్య ఎప్పట్లాగే మొహం తిప్పుకున్నాడు. కాని ఈసారి తోలుకుపోవడానికి జట్కా లేదు. పైగా కొడుకు, "చెప్పు నాయినా, గిది ఎన్నడు చెప్పకపోతివి" అన్నాడు.

"శనగలు" అన్నాడు ఎల్లయ్య నేల చూస్తూ. "గుర్రాల దానా. రెండు దినాల నుంచి మాకు రొట్టె రాలే. నాలుగు గుర్రాలు నా చేతుల ఉండె. వాటి సంచిలకెల్లి గుప్పెడు శనగలు దీసి తిన్న. నోరులేని దాని తిండి దొంగతనం జేసిన."

"తిన్నంక?"

"దూప. నాకు, గుర్రాలకు. గాడ మా రిసాల్దారు దొర ఇసుకల పడి ఉన్నడు, తొడల తూటా తాకింది. ఎల్లయ్యా అని పేరు పెట్టి పిల్చిండు. గుర్రాలు నాలికలు ఎళ్ళబెట్టినయ్. నీళ్ళు తాపి వస్త దొరా, గిట్ల పోయి గట్ల వస్త అన్న. పోయిన. తాపిన. మల్ల వచ్చి చూస్తె దొర లేడు. మనోళ్ళు తీస్కపోయిన్రో, వాళ్ళు తీస్కపోయిన్రో నాకు తెల్వదు. ఇయ్యాల్టికి తెల్వదు."

మా చుట్టూ జనం, కేకలు, ట్రంకుపెట్టెలు. నీళ్ళతొట్టి కనిపిస్తే అతను బండి ఎందుకు ఆపేవాడో నాకు అప్పుడు తెలిసింది. రైలు తప్పిపోతుందని నేను కూడా అతన్ని తిట్టినవాణ్ణే. సిగ్గేసింది.

నర్సింగ్ తండ్రి మోచెయ్యి పట్టుకున్నాడు. "గుర్రాలు బతికినయా నాయినా?"

"బతికినయ్. నాలుగుకు నాలుగు."

"మరి గదే చెప్పకపోతివేంది, ఇన్నేండ్లు?"

"మున్షీ సాబ్ రాసింది మంచిగుండె బిడ్డా" అన్నాడు ఎల్లయ్య.

మున్షీగారు అక్కడే ఎవరిదో ట్రంకుపెట్టె మీద నోటుబుక్కు ఆనించి రాశాడు. రాసిందంతా చదివాడు. ఎల్లయ్య చివరిదాకా విని, "గుప్పెడు గాదు సాబ్. రెండు గుప్పెళ్ళు" అన్నాడు. మున్షీగారు దిద్దాడు. వేలిముద్ర పడింది. రైలు కూత పెట్టింది. నర్సింగ్ మెట్టు మీద నిలబడి, "నాయినా, నేను ఎవ్వల్ని మోయకున్నా సరేనా?" అని అరిచాడు. "తిరిగి రా. గంతే" అని ఎల్లయ్య అరిచాడు. పాళీ తుడుచుకుని తుడుచుకుని మున్షీగారి తల ఆ రోజు టోపీ అవసరం లేనంత నీలమైపోయింది.

నర్సింగ్ ఉత్తరాలు మా పోస్టాఫీసుకే వచ్చేవి. ఎల్లయ్యకు చదివిపెట్టేది మున్షీగారే. ఊరి పేర్లన్నిటి మీదా మిలిటరీవాళ్ళు నల్లసిరా పూసేవారు. తిండి మీద పూయాలని మాత్రం వాళ్ళకు తోచలేదు. తండ్రి కథ విన్నాడు కనుక పిల్లవాడు మొదటి పంక్తిలో ఆ రోజు ఏం తిన్నాడో తప్పకుండా రాసేవాడు. "ఖర్జూరమంటున్నడు. నువ్వు తిరిగిన దిక్కే ఉన్నడు ఎల్లయ్యా" అనేవాడు మున్షీగారు. మరో ఏడాదికి, "వెదురు మొలకల కూరనంట. అడివిల పడ్డడు. ఫికర్ జేయకు, వేడి వేడిగ తింటున్నడు" అనేవాడు. లడాయి ముగిసి నర్సింగ్ తిరిగొచ్చేనాటికి మున్షీగారి కళ్ళకు పొరలు కమ్మాయి. పిల్లవాడి మొహం చేతులతో తడిమి చూశాడు.

చివరిసారి ఆయన్ని దవాఖానలో చూశాను. మాట నీరసంగా ఉంది. ఏం అడగాలో తోచక, "ఇయ్యాల ఏం తిన్నారు మున్షీగారూ?" అన్నాను. "జావ" అన్నాడు. మళ్ళీ తనే, "లే, అబద్ధం. తాగలే. మంచం కింద పెట్టిన" అన్నాడు. వంగి చూశాను. గిన్నె నిండుగా ఉంది. నేను గట్టిగా నవ్వాను. ఆయనా నవ్వాడు. రెండు రోజులకు పోయాడు. నోటుబుక్కులు ఇప్పుడు మా ఇంట్లో రేకుపెట్టెలో ఉన్నాయి. ఆ మనుమలు ఎప్పుడొచ్చి అడిగినా ఇస్తాను.

ఇంతవరకు రాసి, ఆయన నియమం ప్రకారం దీన్ని ఎవరికైనా చదివి వినిపించాలి కదా అని ఈ పొద్దున నాంపల్లికి తీసుకుపోయాను. ఎల్లయ్య తొట్టి దగ్గర గుర్రానికి నీళ్ళు తాపుతూ విన్నాడు. నర్సింగ్ పక్కనే పగ్గాలు తుడుస్తూ విన్నాడు. ఎల్లయ్య ప్రతిదానికీ "ఔ, ఔ" అంటున్నాడు. చివరి పేజీ దాకా ఔననే అన్నాడు. చేసేది లేక, చించడానికి కాగితాలు దగ్గరికి తీసుకున్నాను.

"జర ఆగున్రి సార్" అన్నాడు. "మున్షీ సాబ్ చాయ్ ముట్టలేదని రాసిన్రు గద, గది తప్పు. నేను జట్కాల కూసోని చూస్తనే ఉన్న. మీరు నన్ను బతిలాడుతుంటె గాయన లోపల తాగిండు. ఆయనది తాగిండు, నేను ఇడిసిపెట్టి వచ్చిన కప్పు సుత తాగిండు. ఎంత బాధైనా చాయ్ ఇడిసేటోడు గాదు."

చల్లారి మీగడ కట్టిన కప్పును నేను ఇన్నేళ్ళూ కళ్ళారా చూశాననే అనుకున్నాను. నేనూ అర్జీయే రాశానన్నమాట. చదవడానికి సొంపుగా ఉంటుందని.

"చాయ్ ముట్టలేదు" అన్నచోట అడ్డగీత కొట్టి, "రెండు కప్పులు తాగాడు" అని రాశాను. ఎల్లయ్య వేలిముద్ర వేశాడు. మొదటి సాక్షిగా నేను సంతకం పెట్టాను. రెండో సాక్షి చోటు మున్షీగారిది, ఖాళీగా ఉంది. నర్సింగ్ చేతులు తుడుచుకుని వచ్చి, కలం అందుకుని, అక్కడ తన పేరు రాశాడు.

ఇంటికొచ్చి మూలనున్న రేకుపెట్టె తెరుస్తుంటే మా ఆవిడ వెనక నుంచి, "అదేందండీ, నెత్తికి ఆ సిరా?" అంది.